నాచు కట్టు

నిన్న సాయంత్రం దవాఖానలో కట్టిన తెల్లటి కట్టు, పొద్దున్నే పెరట్లో జామచెట్టు మొదట్లో పడి ఉంది. ముందుగా చూసింది సాయవ్వ. పెరడు ఊడవడానికి వెళ్ళిన మనిషి చీపురు అక్కడే వదిలేసి, కట్టును రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి వచ్చింది.

రాజేశ్వర్ మంచం మీద కూర్చుని కుడికాలు దిండు మీద పెట్టుకున్నాడు. పాత ధోవతి చింపి తనంతట తానే కొత్త కట్టు కట్టుకున్నాడు. గుడ్డ అంచుల్లోంచి ముదురు గోధుమరంగు ముద్ద కొంచెం బయటికి ఉబికింది. గదిలో పసుపు వాసన, నువ్వులనూనె వాసన, ఆ రెండింటినీ మించి చేపల బజారు వాసన.

సాయవ్వ అరవలేదు. ముప్పై ఏళ్ళలో ఈయన మీద అరిచి గెలిచిన దాఖలా ఒక్కటీ లేదు కాబట్టి ఆ పని ఎప్పుడో మానుకుంది. కట్టును ఆయన ముందు పెట్టి, "నేనేమనను. నీ బిడ్డ వస్తది, ఆమెకే జెప్పు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తల తుడుచుకుంటూ వచ్చిన స్నేహలతకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. నాలుగేళ్ళుగా ఆమె ఆ వాసనతోనే బతుకుతోంది. డిచ్‌పల్లి దగ్గర యూనివర్సిటీలో ఆమె చేస్తున్న పరిశోధనంతా సముద్రపు నాచు మీదే. నాచులోని ఏ పదార్థం చీము పుట్టించే క్రిములను చంపుతుందో వెతికి పట్టుకోవడం ఆమె పని.

"బాపూ, గిది నాచేనా?" తెలిసీ అడిగింది.

"అవు. నీదే."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. స్నేహలతకు ఒళ్ళు మండింది. మరుక్షణమే భయం వేసింది.

నిన్న నిజామాబాద్‌లో డాక్టర్ రవీందర్ చెప్పింది అందరూ విన్నారు. పదకొండేళ్ళుగా షుగర్ ఉన్న ఒళ్ళు. మూడు వారాల కింద పొలంలో నరికిన చెరుకు మొదలు కాలికి గుచ్చుకుంది. బొటనవేలి పక్క వేలు నల్లబడింది, పుండు ఎముక దాకా పోయింది, ఆ వేలికి రక్తం రావడం ఆగిపోయింది. గురువారంలోగా వేలు తీసేస్తే పాదం దక్కుతుంది. ఎరుపు చీలమండ దాటి పైకి పాకితే మాత్రం తాను ఏ మాటా ఇవ్వలేనని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. అదంతా విని, తలూపి, ఇంటికొచ్చి, దవాఖాన కట్టు విప్పి పారేశాడు ఈ పెద్దమనిషి. ఇవాళ మంగళవారం.

ఎనిమిదింటికి భానుప్రసాద్ దవాఖానకని ఆటో మాట్లాడుకుని వచ్చాడు. స్నేహలత తమ్ముడు, బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిన తీగ కనబడితే కత్తిరించి పారేయడం తప్ప ఇంకో ఆలోచన తెలియని వాడు. తండ్రి కాలు చూశాడు. తర్వాత వచ్చిన మాటలన్నీ అక్క మీదికే వచ్చాయి.

"అంత నీ వల్లనే అక్కా. ఫోన్ల ఫోటోలు సూపెట్టి సూపెట్టి బాపును ఖరాబు జేసినవ్. ఇగ నువ్వే తోల్కపో."

వాడన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగమే స్నేహలతను పొడిచింది.

రెండేళ్ళ కింద చలికాలంలో నాచు తేవడానికి ఆమె విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. ఆడపిల్ల ఒక్కతీ బండల మీద తిరుగుతుందా అని రాజేశ్వర్ వెంట బయలుదేరాడు. సొంతూరు ఎడపల్లి దాటి ఎక్కువ తిరగని మనిషి, యాభై ఎనిమిదేళ్ళకు మొదటిసారి సముద్రం చూశాడు. చూసి ఆశ్చర్యపోతాడనుకుంటే, ఆయనకు ఆశ్చర్యపడే తీరిక లేకపోయింది. కూతురు నాచును బండ మీంచి మొదలంటా గీకేయడం చూసి ఆయనకు కోపం వచ్చింది. ఎవరో జాలరి దగ్గర కత్తి అడిగి తీసుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చెరుకు నరికినట్టే మొదలు రెండు వేళ్ళంత ఉంచి పైది కోశాడు. మొదలుంటే మళ్ళీ చిగురిస్తుందట. ఎడపల్లిలో అందరూ వరికి మారినా అరెకరం చెరుకు వదలని మనిషికి సముద్రంలోనూ చెరుకే కనబడింది.

రెండు సంచుల నాచు రైల్లో వాసన కొడుతుంటే పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆయన ఒక్కొక్కరికీ, అడిగినా అడగకపోయినా, మా బిడ్డ దీంతో మందు తీస్తుందని చెప్పాడు. ల్యాబుకు ఒక సంచి సరిపోయింది. రెండోది ఆరబెట్టి ఇంట్లోనే అటక మీద పెట్టారు.

ఆపైన, పోయినేడు ఒకరోజు ఫోన్‌లో ప్లేటు ఫోటో చూపించింది స్నేహలత. గాజుపళ్ళెంలో పలుచగా పరుచుకున్న క్రిముల పొర, మధ్యలో నాచురసం అంటించిన కాగితపు బిళ్ళ, దాని చుట్టూ తేటగా గుండ్రటి జాగా. ఆ జాగాలో క్రిములు బతకలేదు. సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తుకొచ్చి మరీ చూపించింది. ఆయన ఆ ఫోటోను సిద్దిరాములు హోటల్లో ఎన్నిసార్లు చూపించాడో లెక్కలేదు. తన చేత్తో కోసిన నాచు, తన బిడ్డ తీసిన మందు. అలాంటి మందు అటక మీద ఉండగా వేలెందుకు కోయించుకోవాలో ఆయనకు ఎంతకీ అర్థం కాలేదు.

స్నేహలత మంచం అంచున కూర్చుని, కోపం మింగి, నచ్చజెప్పింది. ల్యాబులో వాడేది వడకట్టి, మరిగించి, చిక్కబరిచిన రసమని, ఆయన నూరి కట్టుకున్నదాంట్లో ఉప్పూ ఇసుకా వేరే క్రిములూ కూడా ఉంటాయని చెప్పింది. ఏడు నీళ్ళల్లో కడిగినానన్నాడు. పరిశోధన వేరు, మందు వేరు, మందు అయ్యేసరికి ఇంకా పదేళ్ళు పట్టొచ్చు, అసలు కాకనూపోవచ్చు అంది. ఆయన విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"ప్లేటుల సచ్చిన పురుగు నా కాలుల ఎందుకు సావది?"

ఆమె దగ్గర జవాబు ఉంది. రక్తం అందని వేలికి ఏ మందూ అందదు, చచ్చిపోయిన ఎముకను ఏ రసమూ బతికించదు. ఆ మాటే చెప్పింది. కానీ చెబుతున్నప్పుడు ఆయన కళ్ళల్లోకి చూడలేకపోయింది. నా మందు నీకు పనికిరాదు అని ఆయనతో అనడం, ఆయనను కొట్టడం కంటే కష్టంగా తోచింది.

"నీ మందు మీద నాకు నమ్మకమున్నది. నీకే లేదా బిడ్డా?"

గుమ్మంలో నిలబడ్డ సాయవ్వ చేతిలోని గిన్నె కింద పెట్టింది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. భానుప్రసాద్ వెళ్ళి అతన్ని పంపించేసి వచ్చాడు.

ఈసారి రాజేశ్వరే మొదలుపెట్టాడు. తానేమీ మొండివాడిని కానన్నాడు. ఆ మాటకు సాయవ్వ ఊపిరి గట్టిగా వదిలింది. నారు పోసే ముందు నూరు గింజలు తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలిచాయో చూసిగానీ ఏ రైతూ విత్తనం మడిలో చల్లడు. అలాగే ఇదీ చూద్దామన్నాడు.

"నా పుండులకెళ్ళి జెర తీస్కపో. నీ ప్లేటుల వెయ్యి. నీ మందుకు సస్తే నేను దవాఖానకు రాను. సావకపోతే, ఏలు కాదు, డాక్టరు ఏది తియ్యిమంటె గది తీపిచ్చుకుంట. మాట."

రాజేశ్వర్ మాటంటే మాటే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. భానుప్రసాద్ అక్క వైపు చూశాడు. ఇంకో దారి లేదు.

మధ్యాహ్నానికి స్నేహలత డిచ్‌పల్లి చేరింది. మూత బిగించిన చిన్న గొట్టంలో, దూదిపుల్లకు అంటిన తండ్రి చీము. ఆమె గైడ్ సుమిత్ర మేడం మొదట ఒప్పుకోలేదు. అనుమతి కాగితాలు లేకుండా మనిషి పుండు నుంచి తెచ్చిన దాన్ని పరీక్షించడం తప్పేనంది. తర్వాత స్నేహలత ముఖం చూసి, ఇది పరిశోధన కింద రాయకూడదని, ప్లేటు ల్యాబు గడప దాటకూడదని షరతు పెట్టి, తానే పక్కన నిలబడింది.

ఆ చీమును ప్లేటు నిండా పులిమి, దాని మీద మూడు బిళ్ళలు పెట్టారు. అడుగున మార్కరుతో అంకెలు వేశారు. ఒకటి, దవాఖానలో ఇచ్చే మందు. రెండు, నాచురసం. మూడు, ఏ మందూ లేనిది. రసం కరిగించే స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టిన ఉత్త కాగితం. పోల్చి చూడడానికి అలాంటిది ఒకటి ఎప్పుడూ పెడతారు. వెచ్చటి పెట్టెలో ప్లేటు పెట్టి తలుపు వేస్తూ స్నేహలత నాలుగేళ్ళలో మొదటిసారి తన మందు ఓడిపోవాలని కోరుకుంది.

బుధవారం పొద్దున మేడమే ప్లేటు బయటికి తీసింది. ఇద్దరూ వెలుతురుకు పెట్టి చూశారు. ఒకటో బిళ్ళ చుట్టూ పెద్ద తేట జాగా. మూడో బిళ్ళను ఆనుకుని క్రిములు దట్టంగా పెరిగాయి.

రెండో బిళ్ళ చుట్టూ కూడా తేటగా ఉంది. అంచు స్పష్టంగా, చేత్తో గీసినంత గుండ్రంగా. స్కేలు పెట్టి కొలిస్తే పదమూడు మిల్లీమీటర్లు.

స్నేహలతకు సంతోషం పొంగుకొచ్చింది. ఆ సంతోషం వచ్చినందుకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ కొనుక్కొచ్చిన క్రిముల మీదే చూసింది. మనిషి ఒంట్లోంచి నేరుగా వచ్చిన, మొండి క్రిమి మీద ఆమె నాచు పనిచేయడం ఇదే మొదలు. మేడం కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అనుమతి తీసుకుని, వేరే రోగుల నుంచి తెచ్చి మళ్ళీ మళ్ళీ చేద్దాం. నిలబడితే నీ థీసిస్ మొత్తం దీని మీదే" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మీ నాన్నగారి విషయంలో ఇది ఏమీ మార్చదు. ప్లేటులో ఎముక లేదు, షుగర్ లేదు, మూసుకుపోయిన రక్తనాళం లేదు. ఆయనకు నిజం విడమరిచి చెప్పు."

నిజం విడమరిచి చెబితే వినే మనిషైతే నిన్ననే వినేవాడు. స్నేహలత ఫోన్‌లో ఫోటో తీసుకుని బస్సెక్కింది.

బోధన్ బస్సు నిజామాబాద్ దాటుతుండగా భానుప్రసాద్ ఫోన్ చేశాడు. తెల్లారి నుంచి బాపుకు చలిజ్వరం. ఎరుపు చీలమండ దాకా వచ్చింది, పైన ఇంకా ఎక్కలేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఈ మధ్యాహ్నమే తీసుకురమ్మన్నాడు. బాపు మాత్రం బిడ్డ రానీ, ప్లేటు సంగతి చెప్పనీ అంటున్నాడు. ఎత్తుకుని ఆటోలో వేద్దామని చూస్తే మంచం కోడు పట్టుకుని వదలలేదు.

"అక్కా, ఏమొచ్చింది?" అని అడిగాడు చివరికి.

"వస్తున్న" అని మాత్రం అంది.

ఎడపల్లిలో దిగి ఇంటికి నడిచిన పది నిమిషాల్లో ఆమె చాలా మాటలు కూడబలుక్కుంది. ప్లేటులో పనిచేసింది గానీ అని మొదలుపెట్టాలి. ఆ 'గానీ' తర్వాత ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. ఆయనకు ముందు సగమే వినబడుతుంది. ఆ సగం వినబడితే ఆయన మంచం దిగడు.

రాజేశ్వర్ దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ముఖం జ్వరానికి కందింది. కూతురిని చూడగానే లేచి కూర్చుని, తలగడ కింద నుంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. పరీక్ష రాసొచ్చిన పిల్లవాడి ఆత్రం ఆ ముఖంలో.

"సూపెట్టు."

ఆమె ఫోటో తెరిచి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. ఇలాంటి ఫోటోలు చూడడం ఆమే నేర్పింది. తేట జాగా ఉంటే గెలుపని ఆయనకు బాగా తెలుసు.

"ఒకటోది?"

"దవాఖాన మందు."

"మస్తు పెద్దగున్నది." వేలు పక్కకు జరిగింది. "రెండోదానికి గూడ ఉన్నది. గది నీదేనా?"

సాయవ్వ మంచం వెనక నిలబడి ఉంది. భానుప్రసాద్ గుమ్మంలో ఉన్నాడు. స్నేహలత తండ్రి కాలు వైపు చూసింది. గుడ్డ పైన, చీలమండ చుట్టూ చర్మం ఎర్రగా బిగిసి మెరుస్తోంది.

"కాదు బాపూ. గది గూడ దవాఖాన మందే, వేరే రకం. మనది మూడోది."

ఆయన మూడో బిళ్ళను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏం లేదు."

"ఏం లేదు."

"జెరంత గూడనా?"

"లేదు బాపూ."

అంతే. ఆయన కళ్ళద్దాలు తీసి, మడిచి, తలగడ కింద పెట్టాడు. వంగి, కాలి కట్టు ముడి తనే విప్పాడు. ముద్దను గుడ్డతో సహా చుట్టి సాయవ్వకు అందించి, అటక మీద సంచిని కూడా తీసి పెంటకుప్ప మీద పోయమన్నాడు. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు గబగబా కదిలింది. సంచి అటక మీంచి దిగుతుంటే స్నేహలతకు అడ్డుపడాలనిపించింది. అడ్డుపడే హక్కును తానే పోగొట్టుకుంది.

ఆటో నిజామాబాద్ దారి పట్టింది. జాన్కంపేట దగ్గర గతుకులకు కాలు కదిలినా రాజేశ్వర్ మూలగలేదు. బయట వరి మళ్ళు చూస్తూ కూర్చున్నాడు. మందు గురించి ఒక్క మాట కూడా లేదు. రైల్లో ముక్కూముఖం తెలియని వాళ్ళకు చెప్పుకున్న మనిషి ఆ మౌనం ఎక్కడ నేర్చాడో ఆమెకు తెలియలేదు.

దవాఖానలో పనులు చకచకా జరిగాయి. డాక్టర్ రవీందర్ కాలు చూసి, ఇంకో రోజు ఆగి ఉంటే సంగతి వేరేగా ఉండేదని, ఇప్పుడైతే వేలితో పోతుందని ధైర్యం చెప్పాడు. కాగితాల మీద భానుప్రసాద్ సంతకం పెట్టాడు. ఆకుపచ్చ బట్టలు తొడిగి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, థియేటర్ తలుపు దాకా తోసుకొచ్చారు. అప్పటికి స్నేహలత గుండె కొంచెం కుదుటపడింది. అబద్ధం ఆడినందుకు కాలు దక్కింది. కుట్లు విప్పాక ఒకరోజు నెమ్మదిగా కూర్చోబెట్టి అంతా చెబుతుంది. తిడితే తిడతాడు. నవ్వినా నవ్వుతాడు.

సరిగ్గా అప్పుడు సుమిత్ర మేడం నుంచి మెసేజ్ వచ్చింది. అనుమతి కోసం దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను, రేపు పది గంటలకు రా అని.

"బిడ్డా, ఇటు రా" అన్నాడు రాజేశ్వర్.

స్ట్రెచర్ తోస్తున్న నర్సు ఆగింది. స్నేహలత వంగింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి వేడిగా ఉంది.

"నేను మాట మీద నిలవడ్డ. నువ్వు గూడ నా మాటొకటి ఇను. గా పని ఇడిసిపెట్టు."

"ఏం పని బాపూ?"

"నాచు పని. నాలుగేండ్లు సూసినవు. మొలకెత్తని గింజను ఎన్నేండ్లు తడుపుతవు? తప్పు నీది గాదు. నేనే ఎగేసిన, ఊరంత జెప్పుకుంట తిరిగిన, గందుకే నువ్వు ఇడిసిపెట్టలేకపోయినవ్. నాది ఒక్క ఏలు పోతే పోయింది. నీ వయసు పోవద్దు. బీఈడీ చెయ్యి, టీచరు నౌకరి చూస్కో. ఎవలన్న ఏమన్న అంటే, మా నాయిన వద్దన్నడని నా పేరు చెప్పు."

ఆమె ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఇప్పుడు నిజం చెబితే ఈ తలుపు దాటడు.

"ఊ అను. గప్పుడే లోపటికి పోత."

నర్సు గడియారం చూసుకుంది. లోపల నుంచి ఎవరో పిలిచారు. సాయవ్వ కూతురి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా నొక్కింది.

"ఊ" అంది స్నేహలత.

ఆయన మణికట్టు వదిలాడు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది, తలుపులు ఒకదాని మీద ఒకటి వచ్చి మూసుకున్నాయి. మంచం దగ్గర చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇప్పుడు అన్నది అబద్ధమో నిజమో ఆమెకే తెలియలేదు.